రెండో రోజు నుంచి స్క్రిప్టు ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: సార్, నేను గాజువాకలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. మా లారీలు తూగే నాలుగు కాటాల నుంచి రోజుకు అరవై దాకా టెక్స్ట్ ఫైళ్లు ఒక షేర్డ్ ఫోల్డర్‌లో వచ్చి పడతాయి. ఒక్కొక్కటీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కాపీ చేసి, ఒకే ఫైల్లో పేస్ట్ చేసేవాడిని. రోజూ గంటన్నర పోయేది. మా బావ ఆటోఇట్ అనే, విండోస్‌లో పనుల్ని మన బదులు చేసిపెట్టే టూల్‌లో చిన్న స్క్రిప్టు రాసిచ్చాడు. అది లోపల కమాండ్ ప్రాంప్ట్‌ని పిలిచి, కాపీ కమాండ్‌తో అన్నీ కలిపేస్తుంది. మొదటి రోజు రెండు సెకన్లలో అయిపోయింది. రెండో రోజు నుంచి మొదలవుతుంది గానీ ముగియదు. స్క్రీన్ మీద ఏమీ కనపడదు, ఎర్రర్ కూడా రాదు. పాత మొత్తం ఫైల్‌ని డిలీట్ చేస్తే మళ్లీ ఒక్కసారి పనిచేస్తుంది. నెట్‌లో చూసి టైప్ కమాండ్‌తో ఇంకో లైన్ పెట్టి చూశాను. అది ఆగలేదు గానీ టన్నులు రెట్టింపు చూపించింది, ఓనర్ చేత తిట్లు తిన్నాను. ఇవి కాక ఎక్సెల్‌లో చివరి వరుసలో ఒక చిన్న పెట్టె గుర్తు వస్తోంది, కొన్ని వరుసలు అతుక్కుపోతున్నాయి, ఒక కాటా ఫైల్లో డ్రైవర్ల తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలు అయిపోతున్నాయి. లినక్స్ అయితే ఒక్క ముక్కలో అయిపోయేదని బావ ఎగతాళి. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. "పాత మొత్తం ఫైల్‌ని డిలీట్ చేస్తే మళ్లీ ఒక్కసారి పనిచేస్తుంది" అన్నారు కదా, దొంగ దొరికింది అక్కడే.

మీ స్క్రిప్టు మీ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. కాపీ కమాండ్‌కి ఒక అలవాటుంది. తాను రాయబోయే పేరుతో అప్పటికే ఒక ఫైల్ ఉంటే, "దాని మీద రాసేయమంటారా? అవును, వద్దు, అన్నీ" అని అడుగుతుంది. మొదటి రోజు ఆ పేరుతో ఫైల్ లేదు కాబట్టి అడగలేదు. రెండో రోజు ఉంది, అడిగింది. కానీ మీ బావ ఆ నల్ల కిటికీ (కమాండ్ ప్రాంప్ట్) కనపడకుండా దాచమని స్క్రిప్టులో రాశాడు. ప్రశ్న అడిగిన మాట నిజమే, అది అడిగిన కిటికీ మాత్రం మీకు కనపడదు. ఇటు స్క్రిప్టేమో రన్‌వెయిట్ అనే ఫంక్షన్‌తో నడుస్తోంది. పిలిచిన పని పూర్తయ్యేదాకా కదలకపోవడమే దాని డ్యూటీ. తలుపు వేసిన గదిలోంచి ఒకరు "చెరిపేయమంటారా?" అని అడుగుతున్నారు, వరండాలో ఇంకొకరు "లోపలి పని అయ్యాకే కదులుతా" అని నిలబడ్డారు. సాయంత్రం దాకా ఆగినా ఇద్దరూ అలాగే ఉంటారు.

దీన్ని కళ్లతో చూడాలంటే ఒక చిన్న పని చేయండి. స్క్రిప్టులో @ఎస్‌డబ్ల్యూ_హైడ్ అని ఉన్నచోట @ఎస్‌డబ్ల్యూ_షో అని మార్చి, /సి అని ఉన్నచోట /కె అని పెట్టి ఒకసారి నడపండి. /సి అంటే పని చేసి కిటికీ మూసేయమని, /కె అంటే పని చేసి కిటికీ అలాగే ఉంచమని. ఇప్పుడు నల్ల తెర వస్తుంది, దాని మీద ఆ ప్రశ్న, పక్కనే ఆరిపోతూ వెలుగుతూ కర్సర్. రెండో రోజు నుంచి మీ వెనకాల జరుగుతున్నది ఇదే. ఇదివరకు ఆగిపోయిన వాటిని కూడా మీరు చంపి ఉండకపోతే, టాస్క్ మేనేజర్‌లో విండోస్ కమాండ్ ప్రాసెసర్ పేరుతో రెండుమూడు వరుసలు కనపడతాయి. అవన్నీ పాత ప్రశ్నలు. ఎండ్ టాస్క్ కొట్టేయండి.

మీ బావని తప్పుపట్టకండి. బహుశా అతను ఆ లైన్‌ని ముందు ఒక బ్యాచ్ ఫైల్లో (కమాండ్లు వరసగా రాసి ఒకేసారి నడిపే ఫైల్) పెట్టి పరీక్షించి ఉంటాడు, అక్కడ ఎన్నిసార్లు నడిపినా ఆగి ఉండదు. కారణం ఏమిటంటే, బ్యాచ్ ఫైల్ లోపలి నుంచి నడిచేటప్పుడు కాపీ ఈ ప్రశ్న అడగదు, నేరుగా మీద రాసేస్తుంది. అదే లైన్‌ని ఆటోఇట్ నుంచి /సి తో పిలిస్తే మాత్రం, కీబోర్డు ముందు మనిషి ఉన్నాడనుకుని అడుగుతుంది. ఒకే కమాండ్, రెండు చోట్ల రెండు రకాల ప్రవర్తన. డాబా గార్డెన్స్‌లో నేను సర్వీసు షాపు నడిపిన రోజుల్లో ఇదే ముడి విప్పడానికి ఒక రాత్రంతా కూర్చున్నాను. తెల్లారేసరికి కస్టమర్ వచ్చి "ఏటి బాబూ, ఇంకా కాలేదా?" అంటే చెప్పడానికి మాట లేదు.

మందు రెండు అక్షరాలు. కాపీ పక్కన /వై పెడితే ప్రశ్న అడగదు. /బి పెడితే మీ పెట్టె గుర్తు కూడా పోతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇక్కడ కమాండ్లని పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, స్క్రిప్టులో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

రన్‌వెయిట్(@కామ్‌స్పెక్ & ' /సి కాపీ /వై /బి "డి:\కాటా\*.టీఎక్స్‌టీ" "డి:\మొత్తం\రోజు.టీఎక్స్‌టీ"', "", @ఎస్‌డబ్ల్యూ_హైడ్)

ఇందులో @కామ్‌స్పెక్ ఎందుకు అని అడుగుతారేమో. కాపీ, టైప్, డిర్ లాంటివి విడి ప్రోగ్రాములు కావు. మీ డిస్క్ అంతా వెతికినా కాపీ.ఈఎక్స్‌ఈ అనే ఫైల్ దొరకదు. అవన్నీ సీఎండీ.ఈఎక్స్‌ఈ కడుపులోనే ఉంటాయి. అందుకే కాపీని నేరుగా రన్ చేయమంటే ఆటోఇట్‌కి ఏమీ దొరకదు, ముందు సీఎండీని, అంటే కమాండ్ ప్రాంప్ట్ ప్రోగ్రాముని, పిలిచి దాని చేత చేయించాలి. ఆ సీఎండీ ఎక్కడుందో చెప్పేదే @కామ్‌స్పెక్. బయట ఒంటి కోట్లు, లోపల జంట కోట్లు పెట్టింది ఫోల్డర్ పేర్లలో ఖాళీ ఉన్నా తెగిపోకుండా. రన్‌వెయిట్ బదులు ఉత్త రన్ పెడితే ఆగిపోయే గొడవ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. స్క్రిప్టు ముందుకు వెళ్లిపోతుంది నిజమే, కానీ ఫైల్ ఇంకా తయారు కాకముందే తర్వాతి లైన్ దాన్ని తెరవబోతుంది. ఒకరోజు సరిగ్గా, ఒకరోజు సగంగా వస్తుంటే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ.

గమనించారో లేదో, పై లైన్‌లో కలిపిన ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లో పెట్టాను. ఇది అలంకారానికి కాదు. నక్షత్రం గుర్తు పెట్టి "టీఎక్స్‌టీ అన్నీ" అంటే, ఆ ఫోల్డర్‌లోనే ఉన్న మొత్తం ఫైల్ కూడా అందులోకే వస్తుంది. అంటే నిన్నటి మొత్తం ఈరోజు కాటా చీటీల్లో ఒకటిగా కూర్చుంటుంది. కాపీ అయితే "గమ్యం ఫైల్లో ఉన్నది కాపీకి ముందే పోయింది" అని గొణుగుతుంది, మీరు కిటికీ దాచారు కాబట్టి ఆ గొణుగుడు కూడా వినపడదు. పూర్ణా మార్కెట్‌లో గోనెసంచిని కూడా సరుకుతో కలిపి తూచినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇక టన్నులు రెట్టింపైన సంగతి. నెట్‌లో మీకు దొరికిన లైన్ దాదాపు ఇలా ఉండి ఉంటుంది:

ఫర్ %ఎఫ్ ఇన్ (*.టీఎక్స్‌టీ) డూ టైప్ "%ఎఫ్" >> మొత్తం.టీఎక్స్‌టీ

ఇందులో ఫర్ ఒక్కో ఫైల్‌కీ అదే పనిని మళ్లీ మళ్లీ చేయిస్తుంది, దీన్నే లూప్ అంటారు. టైప్ ఆ ఫైల్లో ఉన్నది చదివి ఇస్తుంది. తప్పంతా ఆ రెండు బాణాల్లో ఉంది. ఒక్క బాణం పెడితే పాతది చెరిపి కొత్తగా రాస్తుంది. రెండు పెడితే పాతదాని కింద చేరుస్తుంది. ఈ లూప్‌లో రెండు బాణాలే ఉండాలి, లేకపోతే ప్రతి ఫైల్ ముందుదాన్ని చెరిపేసి చివరికి అరవయ్యో ఫైల్ ఒక్కటే మిగులుతుంది. అందుకని లూప్ మొదలయ్యే ముందు పాత మొత్తం ఫైల్‌ని తీసేయాలి. మీరు ఆ లైన్ పెట్టలేదు, నిన్నటి టన్నుల కింద ఈరోజు టన్నులు వచ్చి చేరాయి. మూడో రోజు కూడా నడిపి ఉంటే మూడు రెట్లు అయ్యేవి, ఓనర్ ఒక్క తిట్టుతో వదలడు.

ఈ లైన్‌తోనే ఇంకో చిక్కు. బ్యాచ్ ఫైల్లో పెడితే పర్సెంట్ గుర్తు రెండుసార్లు, %%ఎఫ్ అని రాయాలి. ప్రాంప్ట్ దగ్గరగానీ, మీలా ఆటోఇట్ నుంచి /సి తో గానీ పిలిస్తే ఒక్కసారే. నెట్‌లో చాలామంది ఏది దేనికో చెప్పకుండా అతికిస్తారు.

ఇప్పుడు పెట్టె గుర్తు. ఇది నాకు ఇష్టమైన కథ, కాస్త ఓపిక పట్టండి. 1974లో గ్యారీ కిల్డాల్ అనే ఆయన చిన్న కంప్యూటర్ల కోసం సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశాడు. అందులో ఫైల్ పొడవుని 128 బైట్ల ముక్కల లెక్కనే గుర్తుపెట్టుకునేవారు. మీ చీటీ 130 బైట్లు ఉంటే రెండు ముక్కలు, అంటే 256 బైట్ల చోటు. అసలు రాత ఎక్కడ ఆగిందో తెలియాలంటే అక్కడ ఒక గుర్తు పెట్టాలి. దానికి కంట్రోల్ జెడ్ వాడారు, 26వ నంబరు క్యారెక్టర్. తర్వాత వచ్చిన, విండోస్‌కి ముందుతరమైన డాస్‌లో ఫైల్ పొడవు బైట్లతో సహా కచ్చితంగా తెలుస్తుంది, ఆ గుర్తుతో పనే లేదు. అయినా పాత ఫైళ్ల మొహమాటానికి అలవాటు వదల్లేదు, డాస్ నుంచి విండోస్‌కి వచ్చేసింది. అంచేత ఈరోజు కూడా కాపీతో ఫైళ్లు కలిపితే, మీరు వేరే చెప్పకపోతే అది టెక్స్ట్ పద్ధతిలో కలుపుతుంది, చివర్లో ఆ 26వ నంబరు గుర్తుని తగిలిస్తుంది. ఎక్సెల్ చివరి వరుసలో మీకు కనపడుతున్న చిన్న పెట్టె అదే. యాభై ఏళ్ల కిందటి గుర్తు గాజువాక ఆఫీసులో ప్రత్యక్షమైంది.

గుర్తు ఒక్కటే అయితే నవ్వుకుని వదిలేయొచ్చు. నిజమైన ప్రమాదం లోపలికి చదివేటప్పుడు ఉంది. టెక్స్ట్ పద్ధతిలో చదివేటప్పుడు ఏ కాటా ఫైల్లోనైనా మధ్యలో ఆ క్యారెక్టర్ కనపడితే, "ఫైల్ అయిపోయింది" అనుకుని అక్కడితో ఆపి తర్వాతి ఫైల్‌కి వెళ్లిపోతుంది. మిగతా లారీలు లెక్కలోకి రావు, ఎర్రర్ ఉండదు. /బి పెడితే ఈ వెర్రి పోతుంది. బైట్‌కి బైట్, ఉన్నది ఉన్నట్టు కలుపుతుంది.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. /బి తో కలిపినప్పుడు అన్ని ఫైళ్ల సైజులు కూడితే ఎంతో, మొత్తం ఫైల్ సైజు సరిగ్గా అంతే ఉండాలి, ఒక్క బైట్ తేడా రాకూడదు. కాటా ఫోల్డర్‌లో ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే కూడిక వస్తుంది, సైజ్ ఆన్ డిస్క్ కాదు, దాని పైన ఉండే సైజ్ అంకె చూడాలి. మొత్తం ఫైల్ ప్రాపర్టీస్‌తో పోల్చుకోండి. మొదటి వారం రోజులు రోజూ చూడండి. లెక్కల మనిషి మీరు, ఇది మీకు చెప్పనక్కర్లేదు.

వరుసలు అతుక్కుపోయే గొడవకి కాపీ దోషం లేదు. ఒక కాటా సాఫ్ట్‌వేర్ చివరి వరుస తర్వాత ఎంటర్ కొట్టకుండా ఫైల్ ముగించేస్తోంది. కాపీ తనంతట తాను మధ్యలో ఏమీ చేర్చదు. దాంతో ఒక ఫైల్ చివర ఉన్న నికర బరువు 18640కి తర్వాతి ఫైల్ మొదట్లో ఉన్న బండి నంబరు అంటుకుని 18640ఏపీ39 అయిపోతుంది. ఎక్సెల్ దాన్ని అంకెగా ఒప్పుకోదు, కూడికలో వదిలేస్తుంది. అంటే ఆ లారీ బరువు మొత్తంలో లేనట్టే. ఏ ఫైల్‌దో తెలుసుకోవాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి కంట్రోల్ ఎండ్ కొట్టండి. కర్సర్ కింద ఖాళీ వరుసలోకి వెళ్తే మంచి ఫైల్, చివరి అంకె పక్కనే ఆగితే ఇదే.

కాటా సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లకి ఫోన్ చేసి ఎంటర్ చేర్పించుకోవడం మంచిదే గానీ వాళ్లు వచ్చేది ఎప్పుడో. ఈలోపు ప్రతి ఫైల్ తర్వాత మనమే ఒక ఎంటర్ వేసుకోవచ్చు. ఇక్కడికి వచ్చాక నా మాట ఏమిటంటే, కమాండ్ లైన్‌ని వదిలేసి ఆటోఇట్ లోపలే కలిపేయండి. ఫైల్‌ఫైండ్‌ఫస్ట్‌ఫైల్, ఫైల్‌ఫైండ్‌నెక్స్ట్‌ఫైల్‌తో ఒక్కో ఫైల్ పేరు తీసుకుని, ఫైల్‌రీడ్‌తో చదివి, చివర ఎంటర్ ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చి, ఫైల్‌రైట్‌తో రాయడమే. పది పన్నెండు లైన్లు. కాపీ కంటే నెమ్మది, కానీ అరవై చిన్న ఫైళ్లకి ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు. కమాండ్ లైన్‌లో అయితే టైప్ తర్వాత ఎకో, దానికి ఆనించి ఒక చుక్క (ఎకో.) పెట్టి ఖాళీ వరుస వేసి, ఆ ఖాళీ వరుసల్ని మళ్లీ ఫైండ్‌ఎస్‌టీఆర్ కమాండ్‌తో ఏరేయాలి. చేయొచ్చు. ఆరు నెలల తర్వాత ఆ లైన్ మీరే చదివి అర్థం చేసుకోలేరు.

పెద్ద ఫైళ్లు, అన్నీ ఒకే పద్ధతిలో రాసినవి, ఎంటర్‌తో ముగిసేవి అయితే కాపీ /బి ని మించింది లేదు. అందులో కూడా ఫైల్ పేర్లన్నీ ప్లస్ గుర్తులతో వరసగా పేర్చకండి. సీఎండీ ఒక లైన్‌లో 8191 అక్షరాలకు మించి తీసుకోదు. పొడుగు పేర్లున్న ఫైళ్లు వందా రెండొందలు అయ్యేసరికి హద్దు దాటిపోతుంది.

తెలుగు పేర్ల విషయంలో ముందు ఒకటి తేల్చుకోండి. ప్రశ్నార్థకాలు కాటా నుంచి వచ్చిన అసలు ఫైల్లోనే ఉన్నాయా, కలిపాక వచ్చాయా? అసలు ఫైల్లోనే ఉంటే మీరు చేయగలిగింది ఏమీ లేదు. కాటా దగ్గర కుర్రాడు పేర్లు కొట్టి నోట్‌ప్యాడ్‌లో ఆన్సీ అనే పాత అక్షరాల పద్ధతిలో సేవ్ చేసి ఉంటాడు. అందులో తెలుగుకి చోటు లేదు, ప్రతి అక్షరం ప్రశ్నార్థకం అయిపోతుంది. సేవ్ అయిన మరుక్షణమే పేరు పోయింది, ఏ స్క్రిప్టూ తిరిగి తేలేదు. పాత విండోస్‌లో నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీలోనే సేవ్ చేసేది. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి యూటీఎఫ్-8కి, అంటే అన్ని భాషల అక్షరాలకీ చోటున్న పద్ధతికి, మారింది. ఆ కాటా గదిలో కంప్యూటర్ పాతదై ఉంటుంది. సేవ్ యాజ్‌లో కింద ఎన్‌కోడింగ్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది, అందులో యూటీఎఫ్-8 పెట్టమని చెప్పండి. చెప్పడం కాదు, ఒకసారి మీరే వెళ్లి పెట్టి రండి.

అసలు ఫైల్లో పేర్లు శుభ్రంగా ఉండి కలిపాక పాడైతే అది టైప్ పని. పాత నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అని ఒక ఎంపిక ఉండేది, దాని అసలు పేరు యూటీఎఫ్-16. అలాంటి ఫైల్‌ని టైప్ కమాండ్ చదివేటప్పుడు అతితెలివితో నల్ల తెర భాషలోకి మార్చబోతుంది, అక్కడ తెలుగు లేకపోతే ప్రశ్నార్థకాలు పెడుతుంది. కాపీ /బి అలాంటి తెలివి చూపించదు. అలాగని యూటీఎఫ్-16 ఫైల్‌నీ యూటీఎఫ్-8 ఫైల్‌నీ /బి తో కలిపితే ఇంకో రకం గందరగోళం. మొదటి దాంట్లో ఒక్కో తెలుగు అక్షరానికి రెండు బైట్లు, రెండో దాంట్లో మూడు. లారీ అనే మాట యూటీఎఫ్-8లో 12 బైట్లు, ల, దీర్ఘం, ర, ఈత్వం ఒక్కోదానికి మూడేసి. ఒకే ఫైల్లో రెండు కొలతలు ఉంటే తెరిచేవాడు ఏదో ఒకటే నమ్ముతాడు, మిగతా సగం పిచ్చిరాత. కాబట్టి నాలుగు కాటాలూ యూటీఎఫ్-8కి రావాల్సిందే.

పవర్‌షెల్‌లో (విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ కిటికీ) చేయమని ఎవరైనా చెప్తే, విండోస్‌తో పాటు వచ్చే 5.1 వెర్షన్‌లో ఫైల్ చదివే గెట్-కంటెంట్ అనే కమాండ్, ముందు 'ఇది యూటీఎఫ్-8' అని చెప్పే మూడు బైట్ల గుర్తు లేని యూటీఎఫ్-8 ఫైల్‌ని ఆన్సీ అనుకుని చదువుతుందని గుర్తుంచుకోండి. తెలుగు పోయి, నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న రోమన్ అక్షరాలు బారులు తీరతాయి. 7వ వెర్షన్‌లో ఆ బాధ లేదు. ఇక ఎక్సెల్ గోల వేరు. కామాల ఫైల్‌ని డబుల్ క్లిక్‌తో తెరిస్తే, ముందు ఆ మూడు బైట్ల గుర్తు, అంటే బామ్ ఉంటేనే అది యూటీఎఫ్-8 అని గుర్తుపడుతుంది. కానీ అరవై ఫైళ్లలోనూ బామ్ ఉంటే కలిపాక మధ్యమధ్యలో అరవై బామ్‌లు కూర్చుంటాయి, కంటికి కనపడవు, బండి నంబరు వెతికితే మాత్రం దొరకదు. ఆటోఇట్‌లో కలపమని అన్నది ఇందుకు కూడా. రాసే ఫైల్‌ని ఫైల్‌ఓపెన్‌లో 130 అనే అంకెతో తెరవండి. అది 2, 128 కలిపిన లెక్క: పాతది చెరిపి రాయి, బామ్‌తో యూటీఎఫ్-8లో రాయి అని. ఒక్క బామ్, అదీ ఫైల్ మొదట్లో.

వరస గురించి మీరు అడగలేదు, కానీ అడిగే రోజు వస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్ మీద, అంటే మామూలు విండోస్ హార్డ్‌డిస్క్ మీద, ఫైళ్లు పేర్ల అక్షరక్రమంలో వస్తాయి. కాటా1 తర్వాత కాటా10, ఆ తర్వాతే కాటా2. తేదీ 05-03 అని మొదలైతే అన్ని నెలల అయిదో తారీకులూ ఒకచోట చేరతాయి. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, అంకెల ముందు సున్నా పెట్టించండి. ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అక్కడి నుంచే కలిపితే ఆ వరస కూడా ఉండదు, ఏది ముందు కాపీ అయితే అది ముందు.

స్క్రిప్టుని పొద్దున్నే దానంతట అదే నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాలనుకుంటారు, అది సహజం. అక్కడ స్టార్ట్ ఇన్ అనే గడి ఖాళీగా వదిలేస్తే స్క్రిప్టు మీ ఫోల్డర్‌లో కాకుండా విండోస్ సిస్టమ్32 ఫోల్డర్‌లో నిద్ర లేస్తుంది. ఉత్త *.టీఎక్స్‌టీ అని రాసి ఉంటే అక్కడ వెతుకుతుంది. నేను పైన పూర్తి దారి రాసింది అందుకే. షేర్డ్ ఫోల్డర్‌కి మీరు జెడ్ డ్రైవ్ అని పేరు పెట్టుకుని ఉంటే, మీరు లాగిన్ కాకుండా నడిచే టాస్క్‌కి ఆ జెడ్ కనపడకపోవచ్చు. రెండు వెనక గీతలతో మొదలయ్యే నెట్‌వర్క్ దారే రాయండి. సి షిఫ్ట్ ఆరింటికి దిగితే స్క్రిప్టుని సరిగ్గా ఆరింటికి పెట్టకండి, కాటా ఇంకా ఆఖరి చీటీ రాస్తూ ఉంటుంది. ఆరుంపావు మేలు.

ఇంకొకటి నా సొంత అనుభవం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి పోయాక మన ఊళ్లో కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా షాపులో రోజువారీ బిల్లులు కలిపే స్క్రిప్టు ఒకటి నేనే రాసుకున్నాను. కలపడం, వెంటనే అసలు ఫైళ్లు డిలీట్ చేయడం, రెండూ అందులోనే. ఒకరోజు కలుపుతుండగా కరెంటు పోయింది, యూపీఎస్ కూయడానికి కూడా ఓపిక లేని స్థితిలో ఉంది. తిరిగి వచ్చాక చూస్తే మొత్తం ఫైల్ ఉంది, సగమే ఉంది. సగం అని దాని మొహం మీద ఎక్కడా రాసి లేదు. నేను స్క్రిప్టుని మళ్లీ మొదలుపెట్టకుండా, పని అయిపోయిందనుకుని ఆ డిలీట్ లైన్ ఒక్కటీ చేత్తో నడిపాను. తర్వాత రెండు రోజులు కార్బన్ కాపీలు పెట్టుకుని కొట్టుకున్నాం, మా ఆవిడ చదువుతుంటే నేను టైప్ చేశాను.

అప్పటి నుంచి మొత్తం ఫైల్‌ని ముందు వేరే పేరుతో, రోజు.టీఎంపీ అని రాస్తాను. రన్‌వెయిట్ తిరిగిచ్చే అంకె సున్నా అయితేనే, సైజు కూడా సరిపోతేనే మూవ్ /వై తో దాన్ని అసలు పేరుకి మారుస్తాను. అసలు పేరుతో ఫైల్ ఉందంటే అది పూర్తయిన ఫైలే. సున్నా కాకుండా ఇంకే అంకె వచ్చినా స్క్రిప్టు మెసేజ్ బాక్స్ పెట్టి అరవాలి. అసలు ఫైళ్లని డిలీట్ చేయను, తేదీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి జరుపుతాను. నెలకోసారి చూసి తీసేస్తాను. రోజుకు అరవై టెక్స్ట్ ఫైళ్లు ఏడాది దాచినా ఒక సినిమా అంత చోటు పట్టవు.

మీ బావ ఎగతాళికి జవాబు. లినక్స్‌లో ఒక్క ముక్క నిజమే, దాని పేరు క్యాట్. 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉంది. పిల్లి కాదు, కలిపి పేర్చడం అనే అర్థమున్న కాన్‌క్యాటినేట్ అనే పొడుగు మాటలోంచి తీసిన ముక్క. 26వ నంబరు గొడవ దానికి లేదు, ప్రశ్నలు కూడా అడగదు. అడగకపోవడం ఎప్పుడూ సుగుణం కాదు: బాణం గుర్తు పెట్టి పొరపాటున కాటా ఫైల్ పేరే రాస్తే ఆ ఫైల్‌ని చడీచప్పుడు లేకుండా చెరిపేస్తుంది. ఎంటర్ లేని ఫైల్‌ని అది కూడా అలాగే అతికిస్తుంది, 18640ఏపీ39 అక్కడా వస్తుంది. బావకి ఈ మాట నా తరఫున చెప్పండి.

ఇన్ని సరిచేసినా స్క్రిప్టు ఒకరోజు విఫలమైతే ముందుగా ఓనర్ గదిలోకి తొంగిచూడండి. ఆయన నిన్నటి మొత్తం ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి అలాగే వదిలేసి ఇంటికి వెళ్లి ఉంటారు. ఎక్సెల్ పట్టుకున్న ఫైల్ మీద ఇంకెవరూ రాయలేరు, మూవ్ కూడా చేయలేరు. ఫైల్ మూసి వెళ్లమని ఆయనకు చెప్పే ధైర్యం ఉంటే చెప్పండి. లేకపోతే మొత్తం ఫైల్ పేరులో తేదీ చేర్చేయండి, రోజుకో కొత్త ఫైల్ వస్తుంది, ఆయన నిన్నటిది ఎంతసేపు తెరిచి పెట్టుకున్నా మీకు ఇబ్బంది ఉండదు.